నీళ్ళు పెట్టొద్దని అమ్మని బతిమాలిన వేసవి

నేను డిగ్రీ పాసయ్యేను. ముందీ మాట చెప్పేస్తే గాని మిగతాది రాయలేను, ఏమీ అనుకోకండి. మా అమ్మ వేపు గాని, నాన్న వేపు గాని, తాతముత్తాతల్లో ఎవరికీ లేని డిగ్రీ అది. బీయస్సీ, బోటనీ. రిజల్ట్ వచ్చేసరికి నేను కొత్తపేట బస్టాండులో ఉన్నాను. ఫోను మీద ఎండ పడి అక్షరం కనపడటం లేదు. చున్నీ నెత్తి మీంచి ముసుగేసుకుని, ఆ చీకట్లో చూసుకున్నాను. ప్రతీ సబ్జెక్టు పక్కనా పాస్ అని ఉంది. ముసుగు తీసేసరికి ఎదురుగా బొండాలు కొట్టే ఆయన కత్తి పట్టుకుని నన్నే చూస్తన్నాడు.

"ఏంటమ్మా, ఏడుస్తన్నావా?"

"లేదండి. పాసయ్యేనండి."

"ఆయ్. మరి మొహం తుడుచుకో, పాసైనోళ్ళు అలా ఉండరు," అని ఒక లేతబొండం కొట్టి చేతిలో పెట్టేడు.

బస్సెక్కేక కండక్టరమ్మ ఎక్కడికని అడిగింది. "పాసయ్యేనండి," అన్నాను. "ఆ స్టాపు మా రూట్లో లేదే," అందావిడ, నవ్వుతా టిక్కెట్టు కొట్టి. పక్క సీట్లో ముసలావిడికి కూడా చెప్పేను. ఆవిడకి చెవుడు. రెండుసార్లు చెప్పేను, అయినా విసుగురాలేదు. ముక్తేశ్వరం ఇవతల మా ఊరి మలుపులో దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెట్టేను.

అమ్మ వాకిట్లో పీట మీద కూర్చునుంది. ఎదురుగా గడ్డి.

"అమ్మా, పాసయ్యేను."

"మంచిది తల్లీ," అంది. తలెత్తలేదు. "ఇటు రా. ఈ మూల కూడా పోయింది చూడు."

చూసేను. నిన్నటిదాకా పచ్చగా ఉన్న మూల పసుపు రంగుకి తిరిగింది. పొద్దున్న నేను బస్సెక్కడానికి వెళ్ళేటప్పుడు అది అలా లేదు, లేకపోతే నేను చూళ్ళేదు. అమ్మ చెయ్యి ఆ పసుపు గడ్డి మీద పెట్టుకుని ఉంది, జొరమొచ్చిన పిల్ల నుదురు మీద పెట్టినట్టు. నా డిగ్రీ అక్కడే, వాకిట్లో, నా నోట్లోనే ఉండిపోయింది.

ఆ గడ్డి గురించి చెప్పాలి. దానికి ముందు అమ్మ గురించి చెప్పాలి.

మా అమ్మది ఊడ్పుల పని. ఊళ్ళో ఆడవాళ్ళ ముఠాకి ముందుండే మనిషి. ఏ చేలో ఎప్పుడు దిగాలో, ఎవరెక్కడ నిలబడాలో, ఎవరు నారు దూరం దూరంగా వేస్తన్నారో, గట్టు మీద నించుని కాదు, బురదలో వంగునే చెప్పేది. కిందటేడు మోకాళ్ళు అరిగిపోయేయన్నారు. అమలాపురంలో డాక్టరుగారు ఎక్సరే ఫిల్ము దీపానికి పట్టి చూపించి, ఇంక బురదలో దిగొద్దమ్మా అన్నారు. అమ్మ ఆయ్ అంది.

ముఠా మా గుమ్మం ముందు నించే వెళ్తాది, పొద్దున్నే కేరేజీలు పట్టుకుని. మొదట్లో ఎవరో ఒకరు అలవాటు మీద "అక్కా, రావేం" అనేసి నాలిక్కరుచుకునేవారు. తర్వాత్తర్వాత మా ఇల్లొచ్చేసరికి మాటలు తగ్గించి నడిచేవారు. అమ్మకి అదే ఎక్కువ తగిలిందనుకుంటాను. వాళ్ళొచ్చే టైముకి లోపలికెళ్ళి గోడవేపు తిరిగి పడుకునేది. కొన్నాళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయేక కూడా లేవడం మానేసింది. తల దువ్వుకోడం మానేసింది. ఆదివారం చర్చికి రమ్మంటే, మీరెళ్ళండి అనేది. నేను గుమ్మంలో కూర్చుని చదువుకుంటా పుస్తకం మీంచి చూస్తే అమ్మ వీపే కనపడేది. పిలిస్తే ఊఁ అనేది. అన్నం పెడితే తినేది. పెట్టకపోతే అడిగేది కాదు. నాన్న కొబ్బరికాయలు వొలిచే పని నుంచి వచ్చి, చేతులు కడుక్కుంటా నన్ను కళ్ళతోనే అడిగేవాడు, ఇవాళ లేచిందా అని. నేను తల అడ్డంగా ఊపేదాన్ని.

రెండోసారి డాక్టరు దగ్గరికెళ్ళినప్పుడు బయట బెంచీ మీద కూర్చున్నాం. ఆ ఆస్పత్రి ముందు చిన్న లాను ఉంది. మా నంబరు పిలిచినా అమ్మ లేవలేదు. "అలాంటి దాని మీద నడిస్తే కాళ్ళు నొప్పెట్టవేమోనే," అంది. ఎన్నో నెల్లకి అమ్మ తనంతట తను అన్న మాట అది. నేను, నాన్న మొహమొహాలు చూసుకున్నాం.

ఆ వారమే నాన్న తెలిసిన వేను మీద కడియం వేపు నర్సరీలకెళ్ళి రెండు గోనెల గడ్డి పిలకలు తెచ్చేడు. మా కాలనీ ఇంటి ముందు ఇదివరకు గేదెని కట్టే జాగా ఉంది. నాన్న అది తవ్వి చదును చేసేడు. అమ్మ చూస్తా చూస్తా ఉండలేక పీట లాక్కుని వచ్చేసింది. "ఇయ్యి ఇలా, నీకు నాటడం వచ్చేంటి," అని గోనె లాక్కుంది. పీట మీద కూర్చుని, ఊడ్చినట్టే, వెనక్కి వెనక్కి జరుగుతా పిలక పిలకా నాటింది. వరసలు తాడు పట్టినట్టు వచ్చేయి. సాయంత్రానికి చీరంతా మట్టి. స్నానం చేసి తల దువ్వుకుంది. నాన్న పెరట్లోకెళ్ళి కాసేపు రాలేదు.

ఇంక నీళ్ళు. మా ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు, నాటేక నీరు కట్టాలి, నిలబెట్టాలి. అమ్మ జాగా చుట్టూ బెత్తెడెత్తు గట్టు వేయించి, బురదతో మెత్తించి, మోటారు పైపు అందులో పడేయించింది. పాదం మునిగేదాకా పెట్టాలి. ఇంకితే మళ్ళీ పెట్టాలి. పొద్దున్నా పెట్టాలి, సాయంత్రం నేను కాలేజీ నుంచి రాగానే పెట్టాలి. చలికాలం కదా, గడ్డి అలాగే బతికింది, పాకింది కూడా. మాఘం దాటేసరికి వరసలు కలిసిపోయి వాకిలంతా ఒకటే పచ్చ. అమ్మ పొద్దున్నే లేచి చీపురు పట్టుకుని కొబ్బరాకులు ఏరేది. ముఠా వెళ్ళే టైముకి సరిగ్గా అక్కడే ఉండేది. ఇప్పుడు వాళ్ళే ఆగేవారు.

"ఏంటక్కా, దీన్ని ఎప్పుడు కోస్తావు?" అని పక్కింటి పిన్ని ఎగతాళి చేసేది. ముఠాలో అమ్మ తర్వాత నిలబడే మనిషి ఆవిడ. నోరు పెద్దది.

"కొయ్యం. కూర్చుంటాం."

"గడ్డి మీద కూర్చోడానికి గడ్డి పెంచుతారంటే మేకలు నవ్వుతాయి."

"మేకల్ని కూడా రమ్మను. నువ్వొస్తన్నావుగా."

ఆ నవ్వులు విని నేను లోపల పుస్తకం మూసేసి కూర్చునేదాన్ని. పరీక్షలు దగ్గరపడ్డాయి, అయినా మూసేసేదాన్ని.

ఈస్టరుకి ముందు మట్టల ఆదివారం నాడు చర్చిలో అమ్మ లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. మా అమ్మాయి పాసైతే జూన్లో మూడో ఆదివారం మా ఇంటి ముందు గడ్డి మీదే కృతజ్ఞత కూడిక పెట్టుకుంటాం, సంఘమంతా రావాలి అంది. "మా గడ్డి మీదే" అన్నప్పుడు గొంతు కొంచెం పెరిగింది. పాస్టరుగారు ఆమెన్ అన్నారు.

పసుపు అప్పటికే మొదలైంది. మాకు తెలీలేదు.

ఎండలు ముదిరేయి. కాలవలు కట్టేసేరు. గడ్డి రంగు తగ్గుతుంటే ఎండకేలే అనుకున్నాం. ఎండకైతే ఏం చెయ్యాలి, నీళ్ళు పెంచాలి. అమ్మ మధ్యాన్నం కూడా పైపు వదలమంది. నేనే మోటారు వేసేదాన్ని. ఆ నీళ్ళు వేడెక్కి సాయంత్రానికి గోరువెచ్చగా ఉండేవి. నాన్న ఎవరి చేనుకో తెచ్చిన యూరియా దోసెడు తెచ్చి చల్లేడు. చల్లిన చోటల్లా మాడిపోయింది. మడి చుట్టూ కుళ్ళిన వాసన మొదలైంది, కాలు పెడితే బుసుక్కున లోపలికి దిగేది. గడ్డి పోయిన చోట తుంగ లేచింది, నిగనిగలాడతా. అమ్మ తుంగ చూసి కూడా, పోన్లే ఏదో ఒకటి పచ్చగా ఉంది కదా అంది. ఆ మాట మా అమ్మ నోట్లోంచి వస్తాదని నేను అనుకోలేదు.

రిజల్ట్ వచ్చిన రోజు సంగతి ఇదీ. కూడికకి ఇంక మూడాదివారాలే ఉన్నాయి, సగం మడి పసుపు.

చెప్పులు కింద పడేసి అమ్మ పక్కన కూర్చున్నాను. పోయిన మూల ఒక పిలక పట్టుకుని లాగితే ఊరికే వచ్చేసింది. వేళ్ళు లేవు. ఉన్న నాలుగూ నల్లగా, వేలితో నలిపితే తోలు ఊడి వచ్చేసేయి. ఇదే బొమ్మ నేను రికార్డు పుస్తకంలో పెన్సిలుతో వేసేను, పక్కన పేర్లు రాసేను, మార్కులు కూడా వచ్చేయి. మా వాకిట్లో రెండు నెల్లుగా అదే జరుగుతుంటే గుర్తుపట్టలేదు. కానీ ఆ రోజు నాకు సిగ్గేయలేదు, భయమేసింది. ఫోను తీసి చదివేను. ఏది తెరిచినా ఒకటే మాట. లాను గడ్డికి నీళ్ళు నిలవకూడదు. నిలిస్తే వేళ్ళకి గాలాడదు. రోజూ పెట్టకూడదు. పెట్టిననాడు లోపలిదాకా తడిసేటట్టు పెట్టి, మళ్ళీ ఆరేదాకా ఆగాలి. ఆరితేనే వేరు నీళ్ళు వెతుక్కుంటా లోపలికెళ్తాది.

"నీళ్ళు ఆపేయాలమ్మా."

"దేనికి?"

"గడ్డికి. నీళ్ళెక్కువై కుళ్ళిపోతంది. గట్టు కొట్టేసి ఉన్న నీరు దింపేయాలి."

అమ్మ నావేపు తిరిగింది. "రోహిణీకార్తెలో నీళ్ళాపమంటావా? పైన నిప్పులు కురుస్తంటే?"

"చేనుకి కూడా మధ్యలో నీళ్ళు తీసేసి ఆరగడతారు కదమ్మా. నువ్వే చెప్పేదానివి."

"చేనుకి నేను చెప్తాను. దీనికి ఎవరు చెప్పేరు, నీ ఫోనా?"

నాన్న గుమ్మంలో నించుని విన్నాడు. "నీ డిగ్రీ నువ్వుంచుకోవే అమ్మాయ్, దాని గడ్డి దానికొదిలెయ్," అన్నాడు. తిట్టినట్టు లేదు, బతిమాలినట్టుంది. నేను పార తెచ్చి గట్టు రెండుచోట్ల కొట్టేను. నీరు నల్లగా, నురగతో రోడ్డు పక్క కాలవలోకి పోయింది. అమ్మ పీట తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

మర్నాడు ముఠా ఉపాధి పనికెళ్ళే టైముకి బయటికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. గోడవేపు తిరిగి పడుకుంది. అదే వీపు.

నీరు దింపేక గడ్డి బాగుపడాలి కదా, ఇంకా పాడైంది. పసుపు కాస్తా గోధుమరంగు, గోధుమరంగు కాస్తా ఊక. పైమట్టి నెర్రెలు తీసింది. ఫోనులో వాళ్ళకి ఏం తెలుసు మా మట్టి సంగతి, మా ఎండ సంగతి? నాకేం తెలుసు? దార్లో ఎవరైనా "పాసయ్యేవంటగా" అంటే ఆయ్ అని నవ్వి, ఇంటికొచ్చి ఆ నెర్రెల దగ్గర కూర్చునేదాన్ని. నాన్న ఫేను రిపేరు చేసే పాత స్క్రూడ్రైవరు ఉంది, అది మట్టిలో గుచ్చి చూసేదాన్ని. అదీ ఫోనులో చదివిందే. పైన పెచ్చులూడుతున్నా లోపలికి సులువుగా దిగిపోయేది, తీస్తే తడిమట్టి అంటుకుని ఉండేది. అంటే లోపల ఇంకా నీరుంది. పెట్టకూడదు. కానీ పైన చూస్తే ఎవరికైనా నీళ్ళు పొయ్యాలనే అనిపిస్తాది.

పిన్ని ఒకరోజు గేటు దగ్గర ఆగింది. "మీ అమ్మ గడ్డికి నీళ్ళు లేకుండా చేసేవంట?"

"ఎక్కువైందండి పిన్నీ."

"మన గోదారోళ్ళకి నీళ్ళెక్కువవ్వడం ఏంటే? చదువెక్కువైంది నీకు."

అని నవ్వేసి వెళ్ళిపోయింది. లోపల అమ్మ వింటానే ఉంటాది. నాకు తెలుసు.

ఒక పొద్దున్న తెల్లారుతుండగా బకెట్టు చప్పుడుకి మెలకువొచ్చింది. మంచం చూస్తే అమ్మ లేదు. వాకిట్లోకి వెళ్ళేను. చేతిపంపు దగ్గరనుంచి బకెట్టు ఈడ్చుకుంటా వస్తంది అమ్మ, ఒక చేత్తో గోడ పట్టుకుని. మోకాళ్ళు వంగటం లేదు, కాళ్ళు రెండు కర్రల్లాగ వేస్తంది. చీర కుచ్చెళ్ళన్నీ తడి. అప్పటికే ఒక బకెట్టు పోసేసినట్టుంది, ఒక పక్క నెర్రెలు మూసుకుపోయేయి.

నేను వెళ్ళి బకెట్టు పట్టుకున్నాను. ఇద్దరం చెరోపక్కా పట్టుకున్నాం.

"వదులు."

"ఇంకొక్క రెండ్రోజులాగమ్మా."

"దాహమేస్తందే దానికి. నోరు తెరుచుకుని ఉంది, కనపడటంలేదా?"

"లోపల తడుందమ్మా. ఒట్టు. నువ్వే చూడు."

"నేనేం చూడను. నాకు కనపడతంది చాలు."

అమ్మ మొహం నా మొహానికి అంత దగ్గరికొచ్చి చాలా రోజులైంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తల దువ్వుకోలేదు. కానీ నించునుంది. మంచం దిగి, గుమ్మం దాటి, పంపు కొట్టి, బకెట్టు మోసుకుని నా ఎదురుగా నించునుంది. నాకు ఒక్కసారి అనిపించింది, పొయ్యనిస్తే పోలేదా. గడ్డి చస్తే చస్తాది. ఎండినా చస్తాది, కుళ్ళినా చస్తాది. దీన్ని చంపడానికైనా అమ్మ రోజూ లేస్తే నాకంతకన్నా ఏం కావాలి. కానీ అది పూర్తిగా చచ్చిన రోజున? ఆ రోజు తర్వాత దేనికి లేస్తాది? నాకు రెండువేపులా దారి కనపడలేదు. బకెట్టు ఎవరి చేతిలోంచి జారిందో తెలీదు, కిందపడి నీళ్ళన్నీ మా పాదాల మీంచి వీధిలోకి పోయేయి. గడ్డి మీదకి వెళ్ళలేదు. అమ్మ ఆ నీళ్ళు పోయినవేపే చూసి, గోడ పట్టుకుని లోపలికెళ్ళిపోయింది.

నాన్న ఆ పూట పంపు గొట్టానికి గోనె చుట్టి కట్టేసేడు, పైపు చుట్ట చుట్టి అటక మీద పెట్టేడు. అన్నం తింటా తింటా, "నువ్వు చెప్పింది తప్పైతే నేను మీ అమ్మకి మొహం చూపించలేను," అన్నాడు.

తర్వాత ఒక ఉదయం స్క్రూడ్రైవరు సగంలో ఆగిపోయింది. నొక్కినా దిగలేదు. బతికున్న ముక్క మీద నడిచి వెనక్కి చూస్తే నా అడుగులు అలాగే పడి ఉన్నాయి, గడ్డి తిరిగి లేవలేదు. ఇప్పుడు దాహం. పైపు దింపేను. ఎండెక్కకుండా, మెల్లిగా, పారించకుండా చినుకుల్లాగ పడేటట్టు చేత్తో నొక్కి పట్టి పెట్టేను. మాది బంకమట్టి, గబగబా తాగదు. నీరు పైన మెరవగానే ఆపి, అది ఇంకేదాకా కూర్చుని, మళ్ళీ పెట్టేను. అలా లోపలిదాకా తడిపి వదిలేసేను. ఆ రోజూ మర్నాడూ ఇంక చుక్క పొయ్యలేదు. సాయంత్రం అసలే పొయ్యలేదు, ఆకు మీద తడి తెల్లార్లూ ఉంటే తెగులొస్తాదంట. మళ్ళీ గుచ్చి చూసి, దిగకపోతే పెట్టడం, దిగితే మానెయ్యడం. కిటికీ లోపలున్న అమ్మకి వినపడేటట్టు ఇవన్నీ పైకి చెప్పుకుంటానే చేసేదాన్ని. ఇంతే పని. ఇందులో కష్టం పెట్టడంలో లేదు, మానెయ్యడంలో ఉంది.

రెండో తడి ఇచ్చేక ఒక పిలక దగ్గర మట్టి గీకి చూసేను. నల్ల వేళ్ళ మధ్య కొత్త వేరు. దారప్పోగంత, తెల్లగా. జాగ్రత్తగా మట్టితోటి తవ్వి తీసుకుని, లోపలికెళ్ళి అమ్మ వీపు వెనకాల కూర్చున్నాను. "అమ్మా," అన్నాను. తిరగలేదు. చెయ్యి లాగి అరిచేతిలో పెట్టేను. అమ్మ గోడవేపు పడుకునే చెయ్యి మొహం దగ్గరికి తెచ్చుకుని చూసింది. చాలాసేపు చూసింది. గుప్పిట మూసింది. నేను లేచి వచ్చేసేను. సాయంత్రం చూస్తే ఆ పిలక కిటికీలో, గ్లాసులో కాదు, కొబ్బరిచిప్పలో మట్టిపోసి నాటి ఉంది. అమ్మ మాత్రం మళ్ళీ గోడవేపే తిరిగి పడుకునుంది.

మృగశిర వచ్చి రెండు వానలు పడ్డాయి. గట్లు కొట్టేసి ఉన్నాం కాబట్టి నీరు నిలవలేదు. మడిలో సగానికి పైగా పచ్చబడింది. మిగతాది, ముఖ్యంగా గేటు పక్క ముక్క, బట్టతల. అదింక రాదు, మళ్ళీ నాటాలి.

కూడిక ఆదివారం వచ్చేసింది. చర్చి నుంచి కుర్చీలు తెచ్చేం. కేకు, సమోసాలు, టీ. నాకు కొత్త చీర. అమ్మకి కూడా కొత్త చీర మంచం మీద పెట్టేను.

"నేను రానులే," అంది.

"నా కూడిక అమ్మా."

"తెలుసు. అందరికీ మా గడ్డి మీదే అని చెప్పేను. ఆ బోడిగుండు మీద కూర్చోబెట్టి ఏమని మొహం చూపించను? మీ నాన్న ఉంటాడు. తలుపు దగ్గరగా వెయ్యి."

బతిమాలేను. నాన్న బతిమాలేడు. ఎంతో చదివేను, ఆ తలుపు తియ్యడానికి ఒక్క మాట రాలేదు నాకు. తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చి, వచ్చేవాళ్ళకి నమస్కారాలు పెడతా నించున్నాను. అందరూ అభినందనలు చెప్తన్నారు. నేను నవ్వుతున్నాను. మెడలో ఎవరో దండేసేరు. మీ అమ్మేది అంటే, వస్తాదండి అంటున్నాను. ఎన్నిసార్లన్నానో.

ముఠా వాళ్ళందరూ ఒకేసారి వచ్చేరు. ముందు పిన్ని. గేటు పక్క బోడి ముక్క దగ్గర ఆగి, నడుం మీద చేతులేసుకుని చూసింది.

"అయ్యో, పాపం. ఎండిపోయింది. ఏమ్మా, అంత మంది చూడ్డానికొస్తే కాస్త నీళ్ళన్నా చల్లలేదా?" అని, నేను అందుకునేలోపల, గోడ మీదున్న పైపు లాగి మోటారు వేసేసింది. "పట్టండే, ఆ చివర పట్టండి, పాస్టరుగారొచ్చేలోగా తడిపేద్దాం."

నీళ్ళు ధారకట్టి పడ్డాయి.

"ఆపవే."

లోపల్నించి వచ్చింది ఆ గొంతు. అందరం తిరిగేం. తలుపు తెరుచుకుంది. అమ్మ గుమ్మం పట్టుకుని నించునుంది, పాత చీరలోనే, జుట్టు విరబోసుకుని.

"ఆపమన్నానా. ఎవరు చెప్పేరు నీకు పొయ్యమని?"

"ఎండిపోతందక్కా..."

"ఎండి పోలేదు. నీళ్ళకి పోయింది. నేనే పోసి పోసి చంపేను. ఇప్పుడు నువ్వు పక్కదాన్ని కూడా చంపుతావా?" అంటా మెట్టు దిగింది. ఒక కాలు, తర్వాత ఇంకో కాలు. నేను చెయ్యందిస్తే తోసేసింది. గడ్డి దాటుకుని వెళ్ళి పైపు మెలిపెట్టి పట్టుకుంది. "మోటారు కట్టండి ముందు. నిన్న వాన పడింది, కాలికి తెలీటంలేదా చెమ్మ? ముఠాలో ఇన్నేళ్ళు చేసేవు, అరికాలు చచ్చిందా?"

పిన్ని వెళ్ళి మోటారు కట్టేసొచ్చింది. "మరి... ఎప్పుడు పొయ్యాలక్కా?" అంది. అంత మెల్లిగా ఆవిడ మాట్లాడటం నేనెప్పుడూ విన్లేదు.

"అడుగు పడితే లేవకపోతే పొయ్యాలి. పొద్దున్నే పొయ్యాలి. ఆ కుర్చీలు గడ్డి మీంచి తియ్యండి, కాళ్ళు దిగిపోతాయి. అంచుల్లో వెయ్యండి. నువ్వు ఇటు, నువ్వు అటు. కూర్చునేవాళ్ళు కిందే కూర్చోండి, పచ్చగా ఉన్న దగ్గర."

ముఠా అంతా చెప్పినట్టు చేసింది. కుర్చీలు కదిలేయి. ఎవరో అమ్మ జుట్టు వెనకనించి ముడేసేరు, అమ్మ ఇంకా చెప్తానే ఉంది. నాన్న సమోసాల పళ్ళెం పట్టుకుని నించునిపోయేడు.

పాస్టరుగారు వచ్చి పాట పాడించి, కళ్ళు మూసుకోమని ప్రార్థన మొదలెట్టేరు. ఈ కుటుంబంలో మొదటి డిగ్రీ అన్నారు, నాకు ఏడుపొచ్చింది, కళ్ళు తెరిచేసేను. తెరిచింది నేనొక్కదాన్నే కాదు. అమ్మ కొంచెం పక్కకి జరిగి, కుచ్చెళ్ళు పైకెత్తి పట్టుకుని, పిన్ని నీళ్ళు పోసిన చోట అరికాలుతో నొక్కి నొక్కి చూసుకుంటంది.